కంప్రెషన్ తక్కువని బోరింగ్‌కు ఇచ్చే ముందు

ప్రశ్న: అన్నా, మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు బీచ్‌లో ఏటీవీ (ఇసకలో నడిచే నాలుగు చక్రాల బండి) తిప్పుకుంటూ బతుకుతున్నాను. చెన్నై నుంచి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన టూస్ట్రోక్ బండి. 200 సీసీ, ఒకటే సిలిండర్, గాలికి చల్లబడే ఇంజను, గేర్లు, కిక్కు స్టార్టు. కొన్నాళ్లుగా పికప్ లేదు. పొద్దున్నే నాలుగైదు కిక్కులకు అందుకుంటుంది. వేడెక్కాక ఒకసారి ఆగిందంటే ఎంత కొట్టినా స్టార్టు కాదు, తోస్తే మాత్రం అందుకుంటుంది. కిక్కు చేత్తో నొక్కినా దిగిపోతోంది. ప్లగ్గు మార్చాను, కార్బొరేటర్ కడిగించాను. ఆన్‌లైన్లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొలిచే గేజీ కొని పెడితే 70 చూపించింది. నెల్లూరులో ఒక మెకానిక్ పెడితే 95 వచ్చింది. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయింది, బోరింగ్ చేసి (గోడను చెక్కి కాస్త వెడల్పు చేసి) కొత్త పిస్టన్ వేయాలంటాడు ఆయన. మా ఊరి మెకానిక్కేమో హెడ్డు ప్యాకింగ్ పోయింది, అది మారిస్తే చాలంటాడు. ఎవరి మాట వినాలి? కార్తీక పౌర్ణమికి బీచ్‌కి జనం బాగా వస్తారు, ఆ లోపల బండి రెడీ కావాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, ఎయిర్ ఫిల్టర్‌లో ఫోమ్ చిరిగిపోతే తీసేసి అలాగే నడుపుతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

సమాధానం: ఉంటుంది తమ్ముడూ. మీరు చివర్న మాటవరసకు అడిగినట్టు అడిగారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఆ ప్రశ్నే. సముద్రం ఒడ్డున ఇసకలో, ముందు బండి చిమ్మే దుమ్ములో, ఫోమ్ లేకుండా నడిచిన టూస్ట్రోక్ ఇంజను అరగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. ఇది నా అనుమానమే. అనుమానంతో ఇంజను విప్పడం మొదలుపెడితే ఆ మెకానిక్కులిద్దరికీ నాకూ తేడా ఉండదు. కాబట్టి ముందు కొలత సంగతి చూద్దాం.

70, 95 రెండూ ఒకే ఇంజనువి. అంటే కనీసం ఒక గేజీ తప్పు చెబుతోంది. మీరు కొన్నది కార్లకు వాడే రకం అయితే దానికి పొడుగాటి రబ్బరు గొట్టం ఉంటుంది. గాలి వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వు ఆ గొట్టం కొసన, అంటే ప్లగ్గు రంధ్రంలో బిగించే చోటే ఉండాలి. అది పైన గేజీ దగ్గర ఉంటే గొట్టంలోని ఖాళీ అంతా మీ ఇంజను హెడ్డులో కలిసిపోతుంది. మీ సైజు ఇంజనులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 20 సీసీ అనుకుందాం. దానికి గొట్టంలోని 5 సీసీ కలిస్తే, ఇంజను బాగున్నా ముల్లు బాగా కిందనే ఆగిపోతుంది. పెద్ద కారు ఇంజనులో ఈ తేడా కనబడదు, చిన్న ఇంజనులో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రబ్బరు కోను పెట్టి చేత్తో అదిమి పట్టుకునే గేజీలైతే ఇంకా అధ్వాన్నం. కిక్కు కొట్టే కుదుపుకి పక్కనుంచి గాలి పోతూనే ఉంటుంది. మరలతో బిగించేదే వాడండి. మర పొడుగు మీ ప్లగ్గు మర పొడుగంతే ఉండాలి. ఎక్కువ ఉంటే పిస్టన్‌కు తగులుతుంది.

గేజీని నమ్మొచ్చో లేదో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. మీ ఎరుకలో మంచి కండిషన్‌లో ఉన్న ఆర్ఎక్స్ 100 లాంటి టూస్ట్రోక్ బండి ఏదైనా ఉంటే దానికి పెట్టి చూడండి. దానికీ 80 చూపిస్తే తప్పు గేజీదే.

కొలిచే పద్ధతిలోనూ చాలామంది పొరపడతారు. ఇంజను ఓ మోస్తరు వేడి మీద ఉండాలి. పెట్రోల్ కాక్ కట్టేయండి. ప్లగ్గు తీసి, క్యాప్‌కు తగిలించి, ఇంజను లోహానికి ఆనేలా పెట్టండి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా. క్యాప్‌ను ఊరికే గాల్లో వదిలేసి కిక్కు కొడితే కరెంటుకు పోయే దారి లేక సీడీఐ (స్పార్కుకు కరెంటు పంపే డబ్బా) దెబ్బతినొచ్చు. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది కాబట్టి దగ్గర్లో ఎవరూ బీడీ, సిగరెట్ ముట్టించకూడదు. ఇక అసలు సంగతి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. మూసి ఉంచితే లోపలికి గాలే రాదు, ముల్లు పైకి లేవదు. గట్టిగా, ఆగకుండా, ముల్లు ఇక కదలదు అనేదాకా కిక్కు కొట్టండి. ఎనిమిది పది కిక్కులు పడతాయి. పెట్రోల్ ఎక్కువై ప్లగ్గు తడిసి ఉన్న ఇంజనుకు అప్పటికప్పుడు గేజీ పెట్టకండి. గోడల మీది ఆయిల్‌ను పెట్రోల్ కడిగేసి ఉంటుంది, అంకె తక్కువే వస్తుంది.

ఇలా చూసినప్పుడు 120 నుంచి 150 పీఎస్ఐ (గేజీ మీద ఒత్తిడి కొలత) మధ్య ఉంటే మామూలు టూస్ట్రోక్ ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. 100 కిందికి దిగితే లోపల పని ఉన్నట్టే. ఎత్తైన కొండ ఊళ్లలో గాలి పలచన వల్ల అంకె తగ్గుతుంది. మైపాడులో ఆ సాకు చెల్లదు. నెల్లూరు మెకానిక్ గేజీ మంచిదై, యాక్సిలరేటర్ తెరిచే చూసి ఉంటే 95 అన్నది నిజంగానే తక్కువ.

మీరు చెప్పిన లక్షణాలు కూడా అటే చూపిస్తున్నాయి. తోస్తే అందుకోవడానికి కారణం, కిక్కు కంటే తోసినప్పుడు క్రాంకు (పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించే ఇరుసు) వేగంగా తిరుగుతుంది, గాలి జారిపోయే వ్యవధి తగ్గుతుంది. అయితే వేడి మీద స్టార్టు కాకపోవడం ఒక్కదాన్నే పట్టుకుని కంప్రెషన్ అనకూడదు. మాగ్నెట్ దగ్గరి పికప్ కాయిల్ వేడెక్కితే పనిచేయని బండ్లూ ఇలాగే ఏడిపిస్తాయి. ఈసారి వేడి మీద ఆగిపోయినప్పుడు అక్కడే ప్లగ్గు తీసి స్పార్కు చూడండి. నీలంగా టపటపా కొడితే కాయిల్‌ను వదిలేయొచ్చు. స్పార్కు రాకపోతే ముందు దాని సంగతి తేల్చండి.

ఇప్పుడు మీ ఊరి మెకానిక్ మాట. టూస్ట్రోక్‌లో హెడ్డు మీద వాల్వులు ఉండవు కాబట్టి కంప్రెషన్ పోయే దారులు కొన్నే. ప్లగ్గు వాషరు, హెడ్డు ప్యాకింగ్, హెడ్డుకో పిస్టన్‌కో పడిన చీలికో రంధ్రమో, లేదంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులూ సిలిండర్ గోడా. ప్యాకింగ్ సంగతి డబ్బు ఖర్చు లేకుండా తేలిపోతుంది. సబ్బు నురగ చిక్కగా కలిపి హెడ్డుకూ సిలిండర్‌కూ మధ్య అతుకు చుట్టూ, ప్లగ్గు మొదట్లో పూసి, ఒకరు కిక్కు కొడుతుంటే ఇంకొకరు చూడండి. బుడగలు వస్తే ఆయన చెప్పింది నిజం. ప్యాకింగ్ లీకైన బండికి ఆ అతుకు దగ్గర నల్లటి జిడ్డు మరక కూడా ఉంటుంది. బుడగా లేదు, మరకా లేదు అంటే ఆయన మాట పక్కన పెట్టేయొచ్చు.

తర్వాత ఆయిల్ పరీక్ష. సూది లేని సిరంజితో 2 మిల్లీలీటర్లకు మించకుండా టూటీ ఆయిల్ (టూస్ట్రోక్ బండ్లకు పెట్రోల్‌లో కలిపేది) ప్లగ్గు రంధ్రంలో పోసి, గేజీ లేకుండా నెమ్మదిగా రెండు మూడు కిక్కులు కొట్టి ఆయిల్‌ను గోడలకు పట్టించండి. అప్పుడు మళ్లీ కొలవండి. అంకె 95 నుంచి 125 దాకా లేచిందంటే రింగుల పక్కనుంచే గాలి పోతోంది. ఐదో పదో పెరిగితే దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఆయిల్ కొంత చోటు ఆక్రమించినందుకే ఆ మాత్రం పెరుగుతుంది. చాలామంది చెంచాడు ఆయిల్ పోసేసి, ముల్లు పైకి లేచిందని రింగుల మీద తీర్పు చెప్పేస్తారు. అంత పోస్తే ఏ ఇంజనైనా లేస్తుంది.

ఫోర్‌స్ట్రోక్‌కు లేని ఒక సౌకర్యం మీ ఇంజనుకు ఉంది. హెడ్డు విప్పకుండానే పిస్టన్‌ను చూడొచ్చు. సైలెన్సర్ బెండు ఊడదీసి, టార్చి వేసి, కిక్కును చేత్తో మెల్లగా తిప్పుతూ ఎగ్జాస్టు రంధ్రంలోంచి చూడండి. పిస్టన్ ముందు వైపు గోడ, రింగులు కనబడతాయి. రింగు రంధ్రం ఎదురుగా వచ్చినప్పుడు చీపురు పుల్లతో మెల్లగా నొక్కితే స్ప్రింగులా లోపలికి వెళ్లి బయటికి రావాలి. కదలకపోతే మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయింది. రింగుల కింద పిస్టన్ గోడ గోధుమ రంగుకో నలుపుకో తిరిగి ఉంటే మంట పక్కనుంచి కిందికి దిగుతోందని అర్థం.

అలాగే వెనక కార్బొరేటర్, రీడ్ వాల్వు (గాలిని లోపలికే పోనిచ్చే రేకు తలుపు) విప్పి అటునుంచీ చూడండి. మీ విషయంలో ఈ వెనక వైపే ముఖ్యం. టూస్ట్రోక్‌లో గాలి నేరుగా పైకి పోదు. ముందు క్రాంకు ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి పక్క దారుల్లో సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అందుకని గాలితో వచ్చిన ఇసక మొదట గీరేది పిస్టన్ వెనక వైపును, క్రాంకు బేరింగులను. కార్బొరేటర్‌కు ముందు ఉండే గొట్టంలో తెల్లటి గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డకు గరుకు తగిలితే ఇక నన్ను అడగక్కర్లేదు.

ఇక్కడిదాకా చేస్తే ఖర్చేమీ లేదు, ఇంజను విప్పాలో వద్దో తేలిపోతుంది. విప్పాల్సిందే అని తేలితే, విప్పే ముందు ఇంకొక్క పరీక్ష చేయండి. మెకానిక్కులు దీన్ని సాధారణంగా వదిలేస్తారు. క్రాంకు రెండు కొసల్లో ఆయిల్ సీళ్లు ఉంటాయి. అవి పోయినా గేజీ మీద అంకె తగ్గదు, కానీ మాగ్నెట్ వైపు సీలు పోతే అక్కణ్ణుంచి దొంగ గాలి వచ్చి పెట్రోల్, గాలి మిశ్రమం పలచబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినా ఇంజను అరుపు దిగదు, పిస్టన్ కాలుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పీల్చుకుని పొగ ఎక్కువ వస్తుంది, గేర్ బాక్సులో ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. కొత్త పిస్టన్ వేసి పాత సీళ్లు వదిలేస్తే ఆ పిస్టన్‌కూ ఇదే గతి.

దీనికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. పాత బీపీ మిషన్ ఒకటి సంపాదించండి, డాక్టర్లు చేతికి కట్టి గాలి కొట్టే రకం. దాని గడియారం 300 దాకా చూపిస్తుంది, అది దాదాపు 5.8 పీఎస్ఐ. మనకు కావాల్సింది సరిగ్గా అంతే, అంతకు బాగా ఎక్కువ పెడితే సీళ్లే దెబ్బతింటాయి. హెడ్డు, ప్లగ్గు బిగించే ఉంచండి. ఎగ్జాస్టు రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క అడ్డం పెట్టి రేకుతో బిగించండి. కార్బొరేటర్ కూర్చునే రబ్బరులో బిరడా పెట్టి, అందులోంచి గొట్టం దూర్చండి. పిస్టన్‌ను అడుగుకు దించి గాలి కొట్టి 300 దగ్గర ఆపండి. నిమిషంలో 50 కంటే ఎక్కువ పడిపోకూడదు. పడితే సబ్బు నురగతో వెతకండి, మాగ్నెట్ మూత తీసి ఆ సీలు దగ్గర, సిలిండర్ అడుగు ప్యాకింగ్ దగ్గర. క్లచ్ వైపు లీకు అయితే గేర్ బాక్సు గాలి గొట్టాన్ని నీళ్లలో ముంచినప్పుడు బుడగలు వస్తాయి.

హెడ్డు, సిలిండర్ విప్పాక పిస్టన్‌ను తుడిచేయకుండా అలాగే చూడండి. కంప్రెషన్ తగ్గిందని మాత్రమే గేజీ చెబుతుంది, ఎందుకు తగ్గిందో పిస్టన్ మీద రాసి ఉంటుంది. వెనక, అంటే కార్బొరేటర్ వైపు గోడ మెరుపు పోయి బూడిద రంగులో మొద్దుబారినట్టు అరిగి ఉంటే అది ఇసక పని. ముందు ఎగ్జాస్టు వైపు నిలువు గీతలు, అల్యూమినియం సాగి అంటుకున్నట్టు ఉంటే అది వేడి పని. టూటీ ఆయిల్ చాలకపోవడం, దొంగ గాలి, కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే జెట్టు చిన్నది కావడం, తడి ఇసక పట్టి ఇంజను రెక్కల మధ్య గాలి ఆడకపోవడం, ఇవన్నీ ఆ వేడికి కారణాలే. నాలుగు మూలలా గీతలుంటే చల్లటి ఇంజనును స్టార్టు చేసిన వెంటనే గట్టిగా నొక్కి నడిపారని, లేదా పిస్టన్‌కు సందు చాలదని అర్థం. కిరాయికి తీసుకున్న కుర్రాడు ఎక్కీ ఎక్కగానే ఫుల్లుగా నొక్కే బండ్లలో ఇది మామూలే.

రింగును విడిగా తీసి సిలిండర్‌లో పెట్టి, పిస్టన్‌తోనే ఓ అంగుళం లోపలికి నెట్టి, దాని రెండు కొసల మధ్య సందును ఫిల్లర్ గేజీతో (సందు కొలిచే సన్న రేకులతో) చూడండి. కొత్త రింగుకు చాలా బండ్లలో 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది 0.7 దాటి ఉంటే రింగు పని అయిపోయినట్టే. కొత్త రింగు పెట్టి అదే చోట చూస్తే ఎక్కువ సందు రింగు అరుగుదల వల్లనా, సిలిండర్ అరుగుదల వల్లనా అన్నది తేలుతుంది. సిలిండర్‌ను లేత్ షాపులో బోరు గేజీతో పైన, మధ్యలో, కింద, అడ్డంగా, నిలువుగా కొలిపించండి. ఎక్కడా తేడా లేదు, గీతలూ లేవు అంటే రింగులతోనో అదే సైజు పిస్టన్‌తోనో సరిపోతుంది. బోరింగ్ అన్న మాట ఈ కొలత తర్వాతే రావాలి. నెల్లూరు మెకానిక్ చెప్పింది చివరికి నిజమే కావొచ్చు, కానీ ఆయన చూడకుండా చెప్పాడు.

కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం ఊగడం సహజం, పైకీ కిందికీ మాత్రం ఏమాత్రం ఆట ఉండకూడదు. క్రాంకును తిప్పితే గరగర వినబడినా, రాడ్డులో ఆట ఉన్నా పిస్టన్, సిలిండర్ పైపని ఒక్కటి చేయించి లాభం లేదు. ఇసక తాగిన ఇంజనులో దీన్ని చూడకుండా మూసేయనివ్వకండి.

బోరింగే అని తేలితే ముందు పిస్టన్ కొనండి. ఆ పిస్టన్‌ను లేత్ షాపతని చేతిలో పెట్టి దానికి తగ్గట్టు బోరు తీయమనండి. బోరు తీసేశాక పిస్టన్ వెతుక్కుంటే ఇరుక్కుపోతారు. 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఓవర్ సైజులు వస్తాయి, అరుగుదల పోయేంత చిన్న సైజు చాలు. అసలు మీ సిలిండర్‌కు బోరింగ్ చేయొచ్చో లేదో అయస్కాంతంతో చూసుకోండి. లోపలి గోడకు అంటుకుంటే అది ఇనప స్లీవు (లోపల దూర్చిన ఇనప గొట్టం), బోరింగ్ చేయొచ్చు. అంటుకోకపోతే అల్యూమినియం మీద గట్టి పూత వేసిన రకం, దాన్ని బోరు తీస్తే పూత పోతుంది. నెల్లూరు ఆటోనగర్‌లో సామాను దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో అడగండి. ఆర్ఎక్స్ పిస్టన్ వేసేద్దాం అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆర్ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, ఆర్ఎక్స్ 135ది 58. సైజు మాట అలా ఉంచినా పిన్ను ఎత్తు, పిస్టన్‌కు ఉండే కిటికీలు కలవవు.

బోరు తీశాక సిలిండర్ రంధ్రాల అంచులు కత్తిలా ఉంటాయి. వాటిని సన్నగా చెక్కించాలి, లేకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. ఫోర్‌స్ట్రోక్ పనులకే అలవాటు పడిన లేత్ షాపుల్లో ఇది మరిచిపోతుంటారు, మీరే గుర్తు చేయండి. ఆ తర్వాత వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో తెల్ల గుడ్డకు మురికి అంటనంతవరకు కడిగి వెంటనే ఆయిల్ పూయండి. పెట్రోల్‌తో తుడిచి వదిలేస్తే బోరు గోడను రుద్దే హోనింగ్ రాయి పొడి గోడల్లోనే ఉండిపోతుంది, ఇసక చేసిన పనే అదీ చేస్తుంది. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు కొసలు గాడిలోని చిన్న పిన్ను దగ్గర కలవాలి. పిన్ను లాకులు పాతవి వాడొద్దు. హెడ్డు నట్లు ఎదురెదురుగా, విడతలుగా బిగించాలి. ప్యాకింగులు రెండేసి వేయనివ్వకండి, కంప్రెషన్ మళ్లీ తగ్గుతుంది. ఈ పనికి కొత్త షోరూం కుర్రాళ్ల కంటే ఆర్ఎక్స్‌లు, పాత టూస్ట్రోక్ స్కూటర్లు విప్పి చెయ్యి తిరిగిన ముసలి మెకానిక్కే మేలని నా అభిప్రాయం.

ఆయిల్ కలిపే లెక్క మీరు రాయలేదు. బండి పుస్తకంలో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 32కు 1 అయితే దాదాపు 31. కొలగ్లాసు వాడండి, మూతతో అంచనాగా పోయకండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బీచ్ గాలిలో క్యాన్ నిండా కలిపి వారాల తరబడి పెట్టకుండా ఏ రోజుది ఆ రోజు కలుపుకోండి. పైగా ఇలాంటి పెట్రోల్‌తో పాత కార్బొరేటర్‌లో మిశ్రమం కొంచెం పలచబడుతుంది. ప్లగ్గు తెల్లగా కాలుతుంటే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాలి.

ఇక ఫోమ్. పిస్టన్ ఆర్డర్ ఇచ్చే రోజే ఫిల్టర్ ఫోములు రెండు తెప్పించండి, ఒకటి బండిలో, ఒకటి కడిగి ఆరేసి. పరుపుల షాపు స్పాంజి కత్తిరించి పెట్టకండి. పెట్రోల్ ఆవిరికి అది పొడిపొడిగా రాలి ఇంజనులోకే పోతుంది. కిరోసిన్‌లో నలిపి, సబ్బు నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, ఫోమ్ ఆయిల్ పట్టించి పిండి పెట్టాలి. పొడి ఫోమ్ సన్న ఇసకను ఆపలేదు, పట్టుకునేది ఆయిలే. అంచుకు గ్రీజు రాయండి. ఫిల్టర్ డబ్బా నుంచి కార్బొరేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం పగిలి ఉంటే ఎంత మంచి ఫోమ్ పెట్టినా దండగే. బీచ్‌లో రోజంతా తిప్పే బండికి ఏ రోజు సాయంత్రం ఆ రోజు ఫోమ్ మార్చాలి.

పౌర్ణమి లోపల పని అవుతుందా అన్నారు. పిస్టన్ దొరకడం మీద ఉంది. దొరక్కపోతే ఈ సీజన్‌కు వేరే బండి అద్దెకు తెచ్చుకోండి గానీ, ఉన్న బండిని ఇలాగే నడపకండి. ఇప్పుడు పిస్టన్‌తో పోయేది రేపు క్రాంకు దాకా పోతుంది. పని పూర్తయ్యాక రెండు ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా బండి మీరే నడపండి, కిరాయికి ఇవ్వకండి. ఆ తర్వాత అదే గేజీతో కొలిచి ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. పాత పిస్టన్‌ను మాత్రం మెకానిక్ దగ్గర వదిలేయకుండా, నాలుగు వైపులా ఫోటోలు తీసి నాకు పంపండి.